నలుగురిలో కలవడం పిల్లలకు ఎలా వస్తుంది: ఇంటి నుంచి బడి దాకా

"ఇంట్లో నోరు ఆగదండి, గుమ్మం దాటితే ఎవరితోనూ మాట్లాడడు." "బొమ్మ ఎవరైనా ముట్టుకుంటే ఇల్లు ఎగిరిపోద్ది." "ఓడిపోతే ఆట తన్నేసి వచ్చేస్తాడు." శ్రీకాకుళంలో అయినా విజయనగరంలో అయినా నలుగురు తల్లులు కలిస్తే ఈ మాటలు వినిపిస్తాయి. వెంటనే ఎవరో ఒకరు వేసవి సెలవుల్లో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసు ఉందని చెబుతారు. అక్కడ పిల్లవాడు స్టేజీ ఎక్కి మూడు నిమిషాలు మాట్లాడటం నేర్చుకుంటాడేమో గానీ, వీధిలో క్రికెట్ ఆడేవాళ్ల దగ్గరికెళ్లి "నేనూ వస్తా" అనడం రాదు.

నలుగురిలో మెలగడానికి పిల్లలకి కావలసినవి ప్రధానంగా నాలుగు: తన వంతు వచ్చేదాకా ఆగడం, కావలసింది నోరు తెరిచి అడగడం, ఓటమిని ఓర్చుకోవడం, పోట్లాడాక మళ్లీ కలవడం. ఇవి చెబితే రావు. వందసార్లు జరిగితేనే వస్తాయి. అవి జరిగే అవకాశం ప్రతి ఇంట్లో రోజూ ఉంటుంది, కానీ ముద్దు కొద్దీ, లేదా గోల భరించలేక, పెద్దవాళ్లమే మధ్యలో దూరి ముగించేస్తుంటాం. ఎక్కడ దూరాలి, ఎక్కడ ఆగాలి అన్నదే ఇక్కడ వరసగా చెబుతున్నాను.

అడుగు 1: వయసుకి మించినది అడగకండి

దాదాపు రెండు నెలలకి బిడ్డ మన మొహం చూసి నవ్వుతుంది. ఎనిమిది, తొమ్మిది నెలలకి కొత్తవాళ్లు ఎత్తుకుంటే గుక్కపెట్టి ఏడుస్తుంది. పెళ్లిలో ఇలా జరిగితే "మనుషుల అలవాటు చెయ్యలేదేంటమ్మా" అని తల్లిని అంటారు. నిజానికి తనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో బిడ్డకి తెలిసిందనడానికి అదే గుర్తు. అమ్మ ఒడిలోనే ఉంచి, కొత్త మనిషిని కాస్త దూరం నుంచి పలకరించమంటే చాలు.

రెండేళ్ల పిల్లలిద్దరు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఇసుక వాళ్లు తవ్వుకుంటుంటే, కలిసి ఆడట్లేదని బెంగ పడక్కర్లేదు. మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు 1932లోనే పిల్లల ఆటని దశలుగా విడగొట్టి చూపించింది: ఒంటరిగా ఆడటం, ఆడేవాళ్లని చూస్తూ ఉండటం, పక్కనే ఉండి విడిగా ఆడటం, వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటూ ఆడటం, చివరికి ఒక పథకం ప్రకారం కలిసి ఆడటం. వీటిలో "చూస్తూ ఉండటం" మనవాళ్లకి అసలు ఆటలాగే అనిపించదు. అరుగు మీద కూర్చుని పెద్దపిల్లల ఏడు పెంకులాట చూసే చిన్నది అక్కడ నియమాలు నేర్చుకుంటోంది. "వెళ్లి ఆడు" అని తోయకండి.

మూడు, నాలుగేళ్ల పిల్లలకి ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. మనస్తత్వ శాస్త్రంలో 1983 నుంచి వాడుతున్నదే, మన ఇంటికి తగ్గట్టు మార్చాను. "మామ్మ చేగోడీలు స్టీలు డబ్బాలో పెట్టి నీళ్లకెళ్లింది. ఆమె లేనప్పుడు అన్నయ్య వాటిని తీసి అలమారలో దాచాడు. మామ్మ తిరిగొచ్చాక ముందు ఎక్కడ వెతుకుతుంది?" మూడేళ్ల పిల్లల్లో ఎక్కువమంది "అలమారలో" అంటారు. తనకి తెలిసింది మామ్మకి తెలియదన్న సంగతి వాళ్లకింకా అందదు. నాలుగు దాటాక చాలామంది "డబ్బాలో" అంటారు. అలమార అనే బిడ్డకి "వాడి స్థానంలో నువ్వుంటే ఎలా ఉంటుందో ఆలోచించు" అని ఉపన్యాసం ఇస్తే గొంతు నొప్పి తప్ప ఏమీ రాదు. "వాడు ఏడుస్తున్నాడు చూడు. బొమ్మ లాక్కున్నావు కదా, అందుకే" అనండి. ఎదురుగా కనబడేది చూపించాలి, కారణం ఒక్క ముక్కలో చెప్పాలి.

అడుగు 2: మొదటి రెండేళ్లు మీ మొహమే పాఠం

1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. తల్లి బిడ్డతో మామూలుగా ఆడుతూ ఆడుతూ, ఒక్కసారిగా మొహంలో ఏ భావమూ లేకుండా ఉండిపోవాలి. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కేకలు పెడుతుంది. తల్లి పలకకపోయేసరికి మొహం తిప్పేసుకుని ఏడుపుకి దిగుతుంది. చేతిలో ఫోన్ పట్టుకుని రీల్స్ చూస్తున్నప్పుడు మన మొహం ఎలా ఉంటుందో ఒకసారి అద్దంలో చూసుకోండి.

చేయవలసింది చిన్నదే. బిడ్డ "ఊ" అంటే మీరూ "ఊ" అని ఆగండి. మళ్లీ బిడ్డ వంతు. దోబూచులాట కూడా ఇదే, ఒకరి తర్వాత ఒకరు. మాట్లాడటంలో వంతులుంటాయని బిడ్డకి తెలిసేది ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. "ఫోన్ పెట్టకపోతే ముద్ద మింగడు" అనే ఇల్లు ఇప్పుడు ప్రతి వీధిలో ఉంది. అన్నం పెట్టే ఆ అరగంటే రోజులో అమ్మా బిడ్డా ఎదురెదురుగా కూర్చునే సమయం. దాన్నే ఫోన్‌కి ఇచ్చేస్తున్నాం. ఒక్కసారిగా మాన్పించలేకపోతే ముందు రాత్రి అన్నం దగ్గర మానేయండి. రెండు మూడు రోజులు గోల తప్పదు.

అడుగు 3: వంతు, అడగడం, ఓడిపోవడం

సంక్రాంతికి చుట్టాలొస్తారు, ఇంటినిండా పిల్లలు. "తమ్ముడికియ్యి, పెద్దాడివి కదా" అని బొమ్మ లాగి ఇచ్చేస్తే పిల్లవాడు పంచుకోవడం నేర్చుకోడు. బలమున్నవాడు లాక్కోవచ్చని నేర్చుకుంటాడు. చుట్టాలు రాకముందే కూర్చోబెట్టి అడగండి: "ఎవరికీ ఇవ్వకూడదనుకున్నవి రెండు తీసి బీరువాలో పెట్టేద్దాం. మిగతావి అందరివీ, సరేనా?" తనది తనకి భద్రంగా ఉందని తెలిస్తే మిగతావి ఇవ్వడం తేలికవుతుంది. ఒక్కటే సైకిలుంటే "చింతచెట్టు దాకా వెళ్లొచ్చి ఇచ్చెయ్యాలి" అని హద్దు పెట్టండి. "కాసేపు" అన్న మాట చిన్నపిల్లలకి అర్థం కాదు, చింతచెట్టు అర్థమవుతుంది.

ఓటమికి మన పాత ఆటలు బాగా పనికొస్తాయి. ఐదేళ్ల వాళ్లకి ముందు అష్టాచెమ్మా. అందులో గెలుపోటములు ఎక్కువగా గవ్వల చేతిలో ఉంటాయి కాబట్టి ఓడినా "నాకు రాదు" అనిపించదు. అది అలవాటయ్యాక వామనగుంటలు, తొక్కుడుబిళ్ల, కర్రాబిళ్ల. తాతలు మనవడి కోసం కావాలని ప్రతి ఆటా ఓడిపోతుంటారు. ఇంట్లో ఎప్పుడూ గెలిచినవాడు వీధిలో మొదటి ఓటమికే గొడవ పెట్టుకోవడంలో వింత లేదు. మూడు ఆటల్లో ఒకటైనా తాత గెలవాలి. గెలవడం కన్నా ఓడినప్పుడు తాత ఏం చేస్తాడన్నది ముఖ్యం. "అయ్యో, పోయింది. సరే, ఇంకోటి వేద్దాం" అని పైకి అనాలి. ఆట మొదలెట్టే ముందే "ఇవాళ ఓడిపోతే ఏం చేస్తావు?" అని అడిగి ఉంచితే, ఓడిన క్షణంలో వాడికి చేయడానికి ఒక పని ఉంటుంది.

పిల్లలు విన్నదానికన్నా చూసింది ఎక్కువ పట్టుకుంటారు. 1961లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో, ఒక పెద్ద మనిషి బొమ్మని తన్నడం చూసిన పిల్లలు తమ వంతు వచ్చినప్పుడు అలాగే తన్నారు, అవే మాటలు అన్నారు. ఆటోవాలాతో మీరు బేరమాడే గొంతు, పనిమనిషితో మాట్లాడే తీరు రేపు మీ పిల్ల నోట వినబడతాయి.

అడగడం నేర్పడానికి కిరాణా కొట్టుని మించిన చోటు లేదు. మొదటి వారం మీరు పక్కనే ఉండండి, మాట మాత్రం పిల్లదే: "పావుకిలో పంచదార ఇవ్వండి." కొట్టువాడు "ఏటి పాపా?" అనగానే మనం అందుకుని చెప్పేస్తాం. అక్కడే నోరు కట్టేసుకోవాలి. మనసులో పది లెక్కపెట్టండి. పది లోపలే చాలామంది పిల్లలు గొణుగుతూ అయినా చెబుతారు. తర్వాతి వారం మీరు నాలుగడుగులు వెనక. ఆ తర్వాత వీధి మలుపు దగ్గర. చివరికి చిల్లర లెక్క కూడా పిల్లదే.

పలకరింపు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చుట్టాలు రాగానే "అత్తకి ముద్దు పెట్టు, పాట పాడు, ఇంగ్లీషులో రైమ్ చెప్పు" అంటే బిడియం ఉన్న బిడ్డ తలుపు వెనక చేరుతుంది. మంచినీళ్ల గ్లాసు ఇచ్చి పంపండి. అది పనీ, పలకరింపూ కూడా. ఇవ్వగానే అయిపోతుంది, తర్వాత ఏం చేయాలో అన్న టెన్షన్ ఉండదు. నమస్తే చాలు. ముద్దు వద్దంటే వద్దనే, ఎవరు నొచ్చుకున్నా సరే. తన ఒంటి మీద తన మాట చెల్లుతుందని తెలిసిన పిల్లే రేపు తప్పుగా ముట్టుకున్నవాణ్ని వద్దనగలదు.

అడుగు 4: గొడవని తొందరగా తీర్చకండి

పిల్లల పోట్లాటలో మనం చేసే పని దాదాపు ఎప్పుడూ ఒకటే. పరుగెత్తుకెళ్లి "ఎవరు మొదలెట్టారు?" అని అడుగుతాం, చిన్నవాడి పక్కన నిలబడతాం, పెద్దవాడి చేత సారీ చెప్పిస్తాం, వస్తువు లాక్కుని అటక మీద పెట్టేస్తాం. రెండు నిమిషాల్లో ఇల్లు సద్దుమణుగుతుంది. పిల్లలు మాత్రం ఏమీ నేర్చుకోలేదు, తీర్పు చెప్పడానికి అమ్మ ఉందన్న సంగతి తప్ప.

కొట్టుకోవడం, కొరకడం, రాళ్లు విసరడం, ముగ్గురు కలిసి ఒకణ్ని పట్టుకోవడం, పదేళ్లవాడు ఐదేళ్లవాడి మీద పడటం: వీటిలో వెంటనే దూరాలి. మిగతావాటిలో కాస్త దూరంలో నిలబడి వినండి. సగం గొడవలు వాటంతట అవే తేలిపోతాయి. తేలకపోతే ఇలా చేయండి.

వాళ్ల ఎత్తుకి కూర్చోండి. బ్యాటు మీద గొడవైతే బ్యాటు మీరు పట్టుకుని "ఇది నా దగ్గరుంటుంది, ఎవరికీ ఇవ్వను" అనండి. ఒకడు చెప్పాలి, రెండోవాడు వినాలి, తర్వాత మారాలి. వాళ్లు చెప్పింది మీరు మళ్లీ చెప్పండి, తీర్పు కలపకుండా.

"ఏటయిందిరా?"
"ఆడు నా బ్యాట్ లాగేసినాడు."
"బ్యాట్ లాగాడని నీకు కోపం వచ్చింది. నువ్వు చెప్పు."
"ఈడు ఔటయినా దిగట్లేదు మామ్మా!"
"ఔటయినా దిగట్లేదని నీ గోల. బ్యాట్ ఒక్కటే, ఇద్దరికీ కావాలి. ఏం చేద్దాం?"

ఇక్కడ ఆగాలి. కష్టమైన భాగం ఇదే, ఎందుకంటే పరిష్కారం మన నాలుక చివర్నే ఉంటుంది. వాళ్లు చెప్పేది వింతగా ఉండొచ్చు: ఔటయినవాడు ఇంకో రెండు బంతులాడి దిగుతాడు, బదులుగా రేపు మొదటి బ్యాటింగ్ రెండోవాడిది. మనకి అన్యాయంగా తోచినా ఇద్దరూ ఒప్పుకుంటే వదిలేయండి. ఒప్పందం చేసుకోవడం వాళ్లు నేర్చుకున్నారు. అది తప్పిన ఒప్పందమైతే రేపు వాళ్లకే తెలుస్తుంది.

కోపం తారస్థాయిలో ఉన్నప్పుడు ఈ ప్రశ్నలేవీ పనిచేయవు. ముందు నీళ్లు తాగించండి, పక్కన కూర్చోండి, ఊపిరి కుదుటపడనివ్వండి. సారీ మాట గుంజి చెప్పిస్తే ఏటవాలు చూపుతో చెబుతారు, అది ఇద్దరికీ తెలుసు. చెడగొట్టినదాన్ని బాగుచేయించండి. చింపిన పుస్తకానికి అట్ట వేయడం, కింద పడేసిన పిల్లకి మోకాలు కడగడం, పోగొట్టిన గోళీ బదులు తన డబ్బాలోంచి ఒకటి ఇవ్వడం. సారీ దానంతట అదే వచ్చినా వస్తుంది.

ఇంకొక్కటి. పిల్లల గొడవ మీద తల్లులు వీధిలో తిట్టుకోవడం మన ఊళ్లలో మామూలే. సాయంత్రానికి పిల్లలు ఒకే జామపండు కొరుక్కు తింటుంటారు. తల్లులు మాత్రం గౌరీపున్నమి దాకా మాట్లాడుకోరు.

అడుగు 5: అమ్మానాన్నలు ఊళ్లో లేని ఇంట్లో

ఈ రెండు జిల్లాల గురించి రాస్తూ వలస మాట ఎత్తకపోతే సగమే రాసినట్టు. హైదరాబాద్, విజయవాడ వైపు కట్టుబడి పనులకి వెళ్లేవాళ్లు, గుజరాత్‌లోని వేరావల్ వైపు వేటకెళ్లే మత్స్యకారులు పిల్లల్ని అమ్మమ్మ, తాతల దగ్గర వదిలి నెలల తరబడి దూరంగా ఉంటారు. తల్లిదండ్రులు దగ్గర లేరన్న జాలితో పెద్దవాళ్లు దేనికీ కాదనరు. "కాదు" అన్న మాట వినని బిడ్డకి బడిలో మొదటి "కాదు" చాలా గట్టిగా తగులుతుంది. అందుకే ఊరెళ్లే ముందే మీరూ, అమ్మమ్మా తాతలూ కలిసి రెండు మూడు నియమాలు అనుకోండి, ఎక్కువ వద్దు: కొట్టకూడదు, చీకటి పడే లోపు ఇంటికి రావాలి, అన్నం దగ్గర ఫోన్ లేదు. అమ్మమ్మ చెప్పినవే నాన్న ఫోన్‌లో చెప్పాలి.

వీడియో కాల్‌లో రోజూ "తిన్నావా, చదువుతున్నావా" అని అడిగితే "ఆఁ" తప్ప ఏమీ రాదు. పిల్లవాడి స్నేహితుల్లో ఒకరి పేరు గుర్తుపెట్టుకుని "నిన్న వాడి సైకిల్ పంక్చరయిందన్నావు, బాగయిందా?" అని అడగండి. వాడి లోకంలో మనుషులు మీకూ తెలుసన్నమాట.

పండక్కి వచ్చినప్పుడు చిన్నబిడ్డ మిమ్మల్ని చూసి అమ్మమ్మ చీర వెనక దాక్కుంటే గుండె కలుక్కుమంటుంది. ఎగబడి ఎత్తుకోకండి. ఒక పూట పక్కన కూర్చుని వాడి ఆట వాణ్ని ఆడుకోనివ్వండి, వాడే వస్తాడు. తిరిగి వెళ్లేటప్పుడు బిడ్డ నిద్రలో ఉండగా బస్సెక్కడం మాత్రం వద్దు. ఏడుస్తాడని మనం తప్పించుకుంటాం, లేచాక వాడు ఇల్లంతా వెతుక్కుంటాడు. ఆ తర్వాత అమ్మమ్మ పెరట్లోకెళ్లినా కొంగు వదలడు. క్యాలెండర్ చూపించి "ఈ రోజు వెళ్తాం, ఈ పండక్కి వస్తాం" అని చెప్పి, ఏడిస్తే ఏడవనిచ్చి వెళ్లండి.

అడుగు 6: బడిలో

బడికి పంపే ముందు అక్షరాల కన్నా అవసరమైనవి మూడు: మూత్రానికి వెళ్లాలని అడగడం, డబ్బా మూత తీసుకోవడం, "నాకు అర్థం కాలేదు టీచర్" అనడం. అంగన్‌వాడీకి వెళ్లొచ్చిన పిల్లలకి వరసలో కూర్చోవడం, వంతుకి ఆగడం ముందే కొంత అలవాటై ఉంటుంది. మొదటి రోజుల్లో గేటు దగ్గర వీడ్కోలు చిన్నదిగా ఉండాలి. కిటికీలోంచి తొంగిచూడటం ఏడుపుని పొడిగిస్తుంది.

స్నేహితులు లేరంటే పెద్ద బర్త్‌డే పార్టీ చేయడం మందు కాదు. ఒకే ఆటోలో వచ్చే పిల్లో, పక్క వీధి పిల్లాడో, ఒక్కర్ని ఆదివారం ఇంటికి పిలవండి. గంట చాలు. ఏం ఆడాలో ముందే అనుకోండి. ఇంకా ఆడాలని ఉండగానే ముగించండి.

ఆడుతున్న గుంపులో చేరడం పెద్దవాళ్లకే కష్టం. "నన్ను చేర్చుకుంటారా?" అని అడిగితే "చేర్చుకోం" అనడం చాలా తేలిక. చేరగలిగే పిల్లలు ఏం చేస్తారో గమనిస్తే ఒక వరస కనబడుతుంది: ముందు కాసేపు చూస్తారు, ఆట ఏమిటో పట్టుకుంటారు, పొదల్లోకి పోయిన బంతి తెచ్చిస్తారు, "భలే క్యాచ్" అంటారు, ఆట ఆగిన సందులో "ఫీల్డింగ్‌కి నేనుంటా" అంటారు. దీన్ని ఇంట్లో నాటకంలా ఆడించండి. మీరు గుంపు, పిల్లవాడు కొత్తవాడు. ఒకసారి కాదనండి కూడా, అప్పుడు ఇంకో గుంపు దగ్గరికెళ్లడం అలవాటవుతుంది.

ఇచ్ఛాపురం, మందస వైపు ఇంట్లో ఒడియానో సవర భాషో మాట్లాడే పిల్లలు తెలుగు, ఇంగ్లీషు మీడియం క్లాసులో మౌనంగా ఉంటే బిడియమని రాసేయకండి. భాష అందడానికి సమయం పడుతుంది. అదే భాష తెలిసిన ఒక బిడ్డ పక్కన కూర్చోబెడితే చాలా మారుతుంది.

టీచర్లకి ఒక పద్ధతి చెబుతాను. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో, తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లలు ఒకే క్లాసులోకి వచ్చి రోజూ గొడవలవుతుంటే, ఎలియట్ అరన్సన్ అనే ఆచార్యుడు పాఠాన్ని ముక్కలు చేసి పంచాడు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్కే తెలుసు, కాబట్టి అందరూ అందరి మాటా వినాల్సిందే. ఐదో తరగతిలో శ్రీకాకుళం జిల్లా గురించి చెప్పాలనుకోండి. ఐదుగురి జట్టులో ఒకరికి వంశధార, నాగావళి, ఒకరికి అరసవల్లి, ఒకరికి పొందూరు ఖద్దరు, ఒకరికి పలాస జీడిపప్పు, ఒకరికి కళింగపట్నం. అరసవల్లి ముక్క ఎవరూ మాట్లాడించని పిల్లకివ్వండి. పరీక్ష అన్నిటి మీదా ఉంటుంది, అందుకని జట్టు ఆ పిల్లని బతిమాలైనా మాట్లాడిస్తుంది. ఒక్క రోజుతో సరిపెట్టకుండా కొన్ని వారాలు చేయాలి.

ఆటల పీరియడ్‌లో ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కర్ని ఏరుకోవడం దయచేసి మానేయండి. ప్రతిసారీ చివర మిగిలేది ఆ ఒక్కరే. చీటీలు తీయండి. బెత్తం గురించి అసలు చర్చే లేదు, 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ నిషేధించింది.

తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల తర్వాత మరో రెండు ప్రశ్నలు అడగండి: "మావాడు ఇంటర్వెల్‌లో ఎవరితో ఉంటాడు? భోజనం దగ్గర ఎవరి పక్కన కూర్చుంటాడు?" టీచర్‌కి వెంటనే తెలియకపోవచ్చు, మర్నాటి నుంచి గమనిస్తారు.

ఒకరినొకరు కొట్టుకోవడం పోట్లాట. ఎదురు తిరగలేని ఒకణ్నే పట్టుకుని రోజూ ఏడిపించడం వేధింపు, దానికి అడుగు 4 పనికిరాదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే బాధపడేవాడు ఇంకా భయపడతాడు. "నువ్వూ కొట్టు" అని పంపడమూ వద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగిందో రాసుకుని క్లాస్ టీచర్‌ని, అక్కడ తేలకపోతే హెడ్మాస్టర్ని కలవండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

అడుగు 7: డాక్టర్‌కి ఎప్పుడు చూపించాలి

నెమ్మదైన పిల్లలుంటారు. ఒకరిద్దరు స్నేహితులతో హాయిగా ఉంటే అది లోపం కాదు. ఏడాదికి పేరు పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకి కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, రెండేళ్లకి రెండు మాటలు కలపకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం: ఇవి కనబడితే "వాళ్ల నాన్న కూడా లేటుగానే మాట్లాడాడు" అని ఆగకండి. ముందు చెవి పరీక్ష చేయించండి, వినబడకపోవడం కూడా ఇలాగే కనిపిస్తుంది. ఇంట్లో గలగలా మాట్లాడే బిడ్డ బడిలో నెల దాటినా ఒక్క మాటా మాట్లాడకపోతే అది కూడా చూపించవలసిందే. తిట్టినా బహుమతులిచ్చినా నోరు తెరవదు, లోపల భయం ఉంటుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడుల్లో ఒకసారి వైద్య బృందం పిల్లల్ని పరీక్షించాలి. ఎదుగుదలలో తేడా కనబడితే జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్స కేంద్రానికి ఉచితంగా పంపుతారు. ఆ బృందం వచ్చే రోజు ఎప్పుడో అంగన్‌వాడీ టీచర్‌ని గానీ ఆశా కార్యకర్తని గానీ అడగండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. పిల్లల మనసు గురించి గానీ మీ దిగులు గురించి గానీ మాట్లాడాలంటే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు.

డాక్టర్ దగ్గర పిల్లలు ఇంట్లో ఉన్నట్టు ఉండరు. అందుకని వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డుతో పాటు ఇంట్లో ఆడుతున్నప్పటి రెండు నిమిషాల వీడియో, పేరు పిలిచినప్పుడు ఏం చేస్తుందో ఇంకో వీడియో ఫోన్‌లో తీసుకెళ్లండి. బిడ్డని రోజంతా చూసేది అమ్మమ్మే అయితే ఆమెని కూడా వెంట తీసుకెళ్లండి, డాక్టర్ అడిగేవాటికి జవాబులు ఆమెకే తెలుసు.